తమ్ముడు రాయించిన ‘మార్కెట్ వాల్యూ’ ఏ మార్కెట్‌ది?

కోనసీమ ఆడపడుచు ఒకరు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు లేకుండా వేయమన్నారు. ఉత్తరం చాలా పొడుగు కాబట్టి సారాంశం ఇస్తున్నాను.

ఆవిడకు అరవై ఏళ్లు. పెళ్లి 1984లో అయింది. భర్త ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేసి మానేశారు, పెన్షన్ లేదు. కాపురం తాడేపల్లిగూడెంలో. పుట్టిల్లు అమలాపురం దగ్గర పల్లెటూరు. తండ్రి రైసుమిల్లులో గుమాస్తాగా చేస్తూ, పైసా పైసా కూడబెట్టి మూడెకరాలు కొన్నారు. ఎకరంన్నర మెరకలో కొబ్బరి తోట, ఎకరంన్నర పల్లంలో వరి చేను. రెండేళ్ల కిందట వీలునామా రాయకుండానే పోయారు. ఎనభై దాటిన తల్లి తమ్ముడి దగ్గరే ఉంటోంది. భూమంతా చూసుకునేది తమ్ముడే.

పోయిన నెల తమ్ముడు ఫోన్ చేసి, “అక్కా, అమ్మ ఉండగానే కాగితాలు సర్దేసుకుందాం. నీ వాటాకి మార్కెట్ వాల్యూ ప్రకారం డబ్బిచ్చేస్తాను, హక్కు విడుదల రాసి ఇచ్చెయ్యి” అన్నాడు. అవతల ఊరి పెద్దలిద్దరు ఉన్నారు, ఫోన్ స్పీకర్‌లో ఉంది. ఈవిడ “సరేరా” అన్నారు. అంబాజీపేటలో కొబ్బరికాయ మార్కెట్ ఎంతుందంటే ఆ రోజు పలికే ధరే చెబుతారు కదా, ఇదీ అంతే అనుకున్నారు. వారం తర్వాత వాట్సాప్‌లో దస్తావేజు డ్రాఫ్టు వచ్చింది. అందులో ఎకరానికి 22 లక్షలు అని ఉంది. ఊళ్లో అలాంటి భూమి 60 లక్షలు పలుకుతోందని చెల్లెలి వరసయ్యే ఒకావిడ చెప్పారు. అడిగితే తమ్ముడు రిజిస్ట్రేషన్ వాళ్ల కాగితం పంపి, “చూసుకో అక్కా, మార్కెట్ వాల్యూ అనే రాసుంది” అన్నాడు. నిజంగానే అలాగే ఉంది.

భర్త మోసం, కోర్టు అంటున్నారు. మరదలు మాత్రం, “వదినకి 84లోనే పెళ్లయింది, ఎన్టీఆర్ చట్టం ఆవిడకి వర్తించదు. ఇస్తున్నదే ఎక్కువ. అప్పట్లో ఆరు కాసుల బంగారం, పదిహేను వేలు కట్నం ఇచ్చారు” అందట. నాన్న వైద్యానికి తమ్ముడు ఆరు లక్షలు ఖర్చు పెట్టిన మాట నిజమేనని ఈవిడే రాశారు. రిజిస్ట్రేషన్ వచ్చే నెల మొదటివారం పెట్టుకున్నారు. “ఆ ఇంగ్లీషు మాటకి అసలు అర్థం ఏమిటి? పెద్దల ముందు సరే అన్నాక ఇప్పుడు కాదంటే ఆశపోతుని అవుతానా? తమ్ముణ్ని పోగొట్టుకోకుండా నా వాటా దక్కే దారి ఉందా?” ఇవీ ఆవిడ ప్రశ్నలు.

అమ్మా,

ముందు మీ మొదటి ప్రశ్న. మిగతా రెండూ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

మీ తమ్ముడు పంపిన కాగితం దొంగ కాగితం కాదు. మన రిజిస్ట్రేషన్ శాఖ వాళ్లు ప్రతి ఊరికీ, సర్వే నంబర్ల వారీగా, భూమి రకాన్ని బట్టి ఒక ధర నిర్ణయించి పుస్తకంలో పెట్టుకుంటారు. స్టాంపు డ్యూటీ ఎగ్గొట్టడానికి జనం దస్తావేజుల్లో ధర తక్కువ చేసి రాస్తారు కాబట్టి, ఇంతకన్నా తక్కువ మీద పన్ను కట్టడానికి వీల్లేదని చెప్పడానికి ఆ పుస్తకం. మీరు దస్తావేజులో రాసిన ధర, ఆ పుస్తకంలో ధర, రెండింట్లో ఏది ఎక్కువైతే దాని మీద సుంకం వేస్తారు. 1998లో దీనికోసం ప్రత్యేకంగా నియమాలు కూడా చేశారు. వాటి పేరులోనే ‘మార్కెట్ వాల్యూ’ అనే మాట ఉంది. ఆఫీసులో గుమాస్తా నుంచి బయట అరుగు మీద డాక్యుమెంట్ రైటర్ దాకా అందరూ దాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. ఊళ్లో మనం గవర్నమెంట్ వాల్యూ అనో, రిజిస్ట్రేషన్ వాల్యూ అనో అంటాం. బజారు ధర రోజూ కదులుతూ ఉంటుంది, ఆ పుస్తకాన్ని మాత్రం ఎప్పుడో ఒకసారి సవరిస్తారు. డెల్టాలో చెరువులు తవ్వినచోట, రోడ్డు పడినచోట ఆ రెండింటికీ పొంతనే ఉండదు.

అదే మాటకు ఇంకో అర్థం ఉంది, అసలు అర్థం అదే. అమ్మాలన్న బలవంతం లేని అమ్మేవాడు, కొనాలన్న బలవంతం లేని కొనేవాడు, ఇద్దరూ అన్నీ తెలిసి ఒప్పుకునే ధర. కోర్టులు ఆ మాటను ఈ అర్థంలోనే వాడతాయి. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోనే, ఆదిలాబాద్ నుంచి వెళ్లిన ఒక భూసేకరణ కేసులో 1994లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. రిజిస్ట్రేషన్ వాళ్ల బేసిక్ వాల్యూ రిజిస్టరు స్టాంపు డ్యూటీ వసూలు కోసం పెట్టుకున్నది, భూమి అసలు విలువ లెక్కగట్టడానికి దాన్ని ఆధారంగా తీసుకోకూడదు అంది. తర్వాత 2013లో వచ్చిన భూసేకరణ చట్టంలో ఆ స్టాంపు లెక్కను కూడా చేర్చారు, కానీ ఒక్కదాన్నే కాదు. చుట్టుపక్కల అలాంటి భూముల అమ్మకాల సగటు చూడాలి, ఒప్పందం మీద తీసుకుంటే ఆ ధరా చూడాలి, వాటిలో ఏది ఎక్కువైతే అది లెక్క. అంటే ప్రభుత్వం రైతు దగ్గర భూమి తీసుకునేటప్పుడు కూడా తన పుస్తకం ఒక్కటి చూపించి చేతులు దులుపుకోవడానికి లేదు.

బ్యాంకు లోనుకు వెళ్తే వాళ్ల వాల్యూయర్ అదే భూమికి మామూలుగా అమ్మితే ఒకటి, తొందరగా అమ్మితే ఒకటి, వేలంలో అమ్మితే ఒకటి అని మూడు అంకెలు రాసిస్తాడు. అదో గోల, మీకు అవసరం లేదు.

మీకు అవసరమైనది ఇంకో లెక్క ఉంది. మీవాళ్లెవరూ ఆ లెక్క చూస్తున్నట్టు లేదు. మీ ఊళ్లో వరి చేనుకు ఎకరం కౌలు రెండు పంటలకీ కలిపి 25 బస్తాలు అని రాశారు. 75 కిలోల బస్తా చొప్పున అది 18 క్వింటాళ్ల 75 కిలోలు. 2025–26 సీజనుకు సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ఇచ్చిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. వెరసి ఎకరానికి ఏడాదికి 44 వేల పైచిలుకు. 60 లక్షల మీద లెక్కేస్తే నూటికి ముప్పావు రూపాయి కూడా పడలేదు. కొబ్బరి తోట కాస్త నయమో కాదో ఆ ఏటి కాయ ధరను బట్టి, దింపు కూలిని బట్టి ఉంటుంది. భూమి అమ్మకుండా పండించుకు తినేవాడికి ఆ 60 లక్షలు కంటికి కనిపించని డబ్బు. మీ తమ్ముడు ఎకరానికి 60 మీ చేతిలో పెట్టాలంటే ఆ ఎకరమే అమ్మాలి, లేదా రెండో ఎకరం తాకట్టు పెట్టి వచ్చే రాబడికి ఎన్నో రెట్లు వడ్డీ కట్టాలి. ఇవ్వలేడు కాబట్టి ఇవ్వనక్కర్లేదు అని నేను అనడం లేదు. అతను 22 దగ్గర ఎందుకు ఆగాడో అర్థం చేసుకోడానికి మాత్రం చెబుతున్నాను. దుర్బుద్ధి ఉండొచ్చు, లేకపోనూవచ్చు. చేతిలో ఉన్న కాగితం మీద తనకు అందే అంకె కనిపించింది, దాన్నే పట్టుకున్నాడు.

ఇక మీరు “సరేరా” అన్న మాట. మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. అందులో 13వ సెక్షన్ సమ్మతి అంటే ఏమిటో చెబుతుంది: ఇద్దరూ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకోవాలి. మీరు ఒప్పుకున్నది బజారు ధరకి, అతను చెప్పింది సర్కారు ధర. ఇద్దరి నోటా ఒకే మాట వచ్చింది గానీ ఒప్పందం కుదరలేదు. పైగా భూమి మీద హక్కు వదులుకోవాలంటే రిజిస్టరైన దస్తావేజు కావాలి, ఫోన్‌లో అన్న మాట చాలదు. కాబట్టి మాట తప్పుతున్నానన్న బెంగ పెట్టుకోకండి. తర్వాత తెలిసిన సంగతిని చెప్పడం ఆశ కాదు. కాకపోతే ఆ పెద్దలిద్దరికీ ఇది మీ నోటి నుంచి మీరే చెప్పాలి, అదీ సంతకాల రోజున సబ్ రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల మీద కాదు, ఇప్పుడే. “నేను ఆ మాటని ఊళ్లో ధర అనుకున్నాను, తమ్ముడు ఆఫీసు ధర అనుకున్నాడు, మళ్లీ కూర్చుందాం” అంటే చాలు. మోసం అన్న మాట మీ నోట రాకూడదు. మీవారి నోటా రాకుండా చూసుకోండి, ఒకసారి వచ్చిందంటే తర్వాత మాట్లాడుకునే మాటలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

ఈలోగా ఆ డ్రాఫ్టు మీద ఎక్కడా సంతకం, వేలిముద్ర వద్దు. రిజిస్ట్రేషన్ తేదీ వాయిదా వేయమనండి. ఒకసారి రిజిస్టరైన విడుదల దస్తావేజును “నాకు అర్థం కాలేదు” అని రద్దు చేయించడం మహా కష్టం.

మరదలు అన్న ఎన్టీఆర్ చట్టం మాటకొస్తాను. గోదావరి జిల్లాల్లో ఆడపిల్లల పంపకాల దగ్గర ఈ మాట వినపడని ఇల్లు తక్కువ. అందులో సగం నిజం ఉంది. ఎన్టీఆర్ చట్టం అంటే 1986లో మన రాష్ట్రం హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణ. అది ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి తెచ్చింది. అప్పటికే పెళ్లయినవాళ్లను వదిలేసింది. మీరు ఆ గీతకు అవతల పడ్డారు, నిజమే. కానీ 2005లో కేంద్రం చేసిన సవరణ ఆ పెళ్లి తేడాను తీసేసింది. ఆ సవరణ వచ్చిన రోజుకు తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్న పేచీని కూడా 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్చేసింది. అసలు సంగతేమిటంటే, మీ విషయంలో ఇవేవీ అక్కర్లేదు. ఈ గొడవంతా తాతల నాటి ఆస్తికి. మీ నాన్నగారు కొన్నది సొంత సంపాదనతో. వీలునామా లేకుండా పోయిన మనిషి సొంత ఆస్తిలో భార్య, కొడుకు, కూతురు సమానం అని 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోనే ఉంది. పెళ్లి ఎప్పుడైందన్న ప్రశ్నే రాదు. మూడెకరాల్లో అమ్మకు ఎకరం, తమ్ముడికి ఎకరం, మీకు ఎకరం. కొన్నప్పటి దస్తావేజు నకలు రిజిస్ట్రారు ఆఫీసులో తీయించుకుని, అది నాన్నగారి పేరు మీదే, ఆయన డబ్బుతోనే కొన్నదని ఒకసారి చూసుకోండి. తాతగారి భూమి అమ్మిన డబ్బుతో కొన్నదని తేలితే లెక్క మారుతుంది. మారినా మీ వాటా మాత్రం ఉంటుంది.

కట్నం ఇచ్చారు కాబట్టి వాటా లేదనడానికి చట్టంలో ఆధారం లేదు. ఇల్లన్నాక ఆ మాట వస్తుంది. వచ్చినప్పుడు వాదనకు దిగొద్దు. నాన్న వైద్యానికి పెట్టిన ఆరు లక్షల సంగతి వేరు, దాన్ని మీరే ముందు ఎత్తడం మంచిది. బిల్లులు చూసుకుని అందులో మీ వంతు మీ వాటా సొమ్ములోంచి తగ్గించుకోమనండి. ఇలా చేస్తే మీరు అడిగే అంకెకు బలం పెరుగుతుంది.

ఇప్పుడు దారులు. ఒక్కోదానికి ఒక్కో ఖరీదు ఉంది.

అతను చెప్పిన 22కే సంతకం పెట్టేయొచ్చు. తమ్ముడితో రాకపోకలు నిలబడతాయి, డబ్బు వెంటనే చేతికొస్తుంది. కానీ మూడేళ్లకో ఐదేళ్లకో ఆ తోట ఎవరో లేఅవుటు వేసేవాళ్లకు వెళ్లిపోతే, ఆ రోజు మీకు కలిగే కష్టం ఈ రోజు గొడవకన్నా పెద్దదవుతుందేమో ఆలోచించుకోండి. తెలిసి, ఇష్టపడి తగ్గించుకుంటే అది తమ్ముడికి మీరిచ్చిన కానుక. తెలియక తగ్గితే జీవితాంతం గుచ్చుకుంటుంది. ఈ దారిలో వెళ్లేట్టయితే “ఊళ్లో ధర ఇంత అని తెలుసు, అయినా ఇంతకే ఇస్తున్నాను” అని పెద్దల ముందు చెప్పి మరీ చేయండి. మీరు వదిలింది ఎంతో వాళ్లకీ తెలియాలి.

పట్టుబట్టి పూర్తి బజారు ధర అడగడం ఇంకో దారి. అప్పుడు ముందు తేలాల్సింది ఆ 60 నిజమేనా అన్నది. ఊళ్లో పలుకుతోంది అనే అంకె ఎప్పుడూ అడిగేవాడి అంకె, కొన్నవాడి అంకె కాదు. రోడ్డు పక్కన ఇళ్ల స్థలాల కింద పోయిన ముక్క ధర, లోపల బోదె గట్టు మీదుగా వెళ్లాల్సిన చేనుకు రాదు. మెరక తోట ధర పల్లం చేనుకు రాదు. పక్కన రొయ్యల చెరువుంటే ఉప్పు ఊట వల్ల వరి చేను ధర పడిపోవచ్చు, చెరువుకిస్తే లేవనూవచ్చు. ఈసీ, అంటే ఆ భూమి మీద రిజిస్టరైన లావాదేవీల పట్టిక, తీయించి ఈ మధ్య జరిగిన అమ్మకాలు చూడొచ్చు, కానీ వాటిలో చాలామంది సర్కారు ధరే రాయిస్తారు కాబట్టి నిజం బయటపడదు. ఈ ఏడాదిలో అక్కడ నిజంగా కొన్నవాళ్లనో అమ్మినవాళ్లనో ఇద్దరు ముగ్గురిని అడగండి. ఎకరం 45కు తేలితే ఆశ్చర్యపోవద్దు. ఆ ధరకు తమ్ముడు భూమి అమ్మాల్సి వస్తుందని కూడా తెలిసే అడగండి.

మీరు బయటవాళ్లకు అమ్మేస్తానంటే ఒక మెలిక ఉంది. వారసుల్లో ఒకరు తమ వాటా అమ్మదలిస్తే దాన్ని ముందుగా కొనుక్కునే హక్కు మిగతా వారసులకు ఉంటుంది, 1956 చట్టం 22వ సెక్షన్ అది. వ్యవసాయ భూమికి కూడా వర్తిస్తుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. ధర దగ్గర కుదరకపోతే ఆ ధరను కోర్టు నిర్ణయిస్తుంది. రిజిస్ట్రేషన్ పుస్తకంలో ధరకే ఇవ్వాలని ఆ సెక్షన్‌లో లేదు. తమ్ముడికి ఈ మాట బెదిరింపుగా కాకుండా, అతని హక్కు కూడా ఇందులో ఉందని చూపించేలా చెప్పొచ్చు.

డబ్బు మాట పక్కన పెట్టి ఎకరాన్ని ఎకరంగానే తీసుకోవడం మూడోది. నా మనసు కాస్త ఇటే మొగ్గుతోంది. ఇందులో ఏ ధర మీదా తగవు లేదు. పంపకాల దస్తావేజు రాసుకుని, హద్దులు వేయించి, మీ ఎకరం మీ పేరు మీద పాసు పుస్తకంలో, 1బిలో (భూమి ఎవరిదో చూపే రెవెన్యూ రికార్డు) ఎక్కించుకోండి. తర్వాత తమ్ముడికే కౌలుకివ్వండి. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద 11 నెలల ఒప్పందం రాసుకుంటే మీ హక్కుకు ఇబ్బంది రాదు, అతనికి పంట లోను, బీమా కూడా వీలవుతాయి. చిక్కేమిటంటే కౌలు డబ్బు మీ ఇల్లు గడవడానికి చాలదు, తమ్ముడి దగ్గర ఏటా వసూలు చేసుకోవడం కూడా మీకు కష్టంగానే ఉంటుంది. పెన్షన్ లేని ఇంట్లో చేతిలో డబ్బు ఉండటం ముఖ్యం అనుకుంటే అర ఎకరం భూమిగా, అర ఎకరానికి డబ్బుగా అడగొచ్చు. ఏ ముక్క ఎవరికన్నది కూడా చూసుకోండి. తోటలో అర ఎకరం, చేనులో అర ఎకరం ఒకటి కావు.

మధ్యేమార్గం కూడా ఒకటుంది. 22కీ ఊళ్లో ధరకీ మధ్య ఇద్దరికీ ఆమోదమైన ఒక అంకె దగ్గర ఆగి, వైద్యం ఖర్చులో మీ వంతు తీసేసి, మిగతాది రెండు మూడు వాయిదాల్లో తీసుకోవడం. దానికి తోడు, ఇన్నేళ్లలోపు ఆ ఎకరాన్ని బయటివాళ్లకు అమ్మితే తేడాలో మీకు ఇంత భాగం అని వేరుగా ఒక ఒప్పందం. నిజంగా పండించుకు తినడానికే ఉంచుకుంటే అతనికి ఇందులో నష్టం లేదు. ఈ షరతు చెప్పగానే అతను ఎలా స్పందిస్తాడో చూస్తే మీకు చాలా సంగతులు తెలుస్తాయి. వాయిదాల ఒప్పందమైతే చివరి వాయిదా అందాకే విడుదల దస్తావేజు రిజిస్టరు చేయండి, ముందు సంతకం తర్వాత డబ్బు అంటే ఒప్పుకోకండి.

ఏ దారి ఎంచుకున్నా కాగితంలో ‘మార్కెట్ వాల్యూ ప్రకారం’ అన్న మాట ఉండకూడదు. ఎన్ని రూపాయలో అంకెల్లో, అక్షరాల్లో రాయించండి. ఇచ్చేది ఏ బ్యాంకు ఖాతాకో, ఏ తేదీకో రాయించండి. డాక్యుమెంట్ రైటర్ “దస్తావేజులో 22 వేసుకుని మిగతాది చేతికి తీసుకోండి, డ్యూటీ మిగులుతుంది” అనొచ్చు. మన రాష్ట్రంలో అమ్మకం దస్తావేజుకు అన్నీ కలిపి నూటికి ఏడున్నర దాకా పడుతుంది కాబట్టి అందరూ చేసేదే ఇది. కుటుంబంలో విడుదలకు, పంపకాలకు సుంకం దానికన్నా చాలా తక్కువ, ఎంతో ఆఫీసులో అడిగి తెలుసుకోండి. ఆ కొంచెం కోసం మిగతా సొమ్ముకు రుజువు లేకుండా చేసుకోవద్దు. 2 లక్షలు, ఆ పైన నగదుగా తీసుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు కూడా. తీసుకున్న మీకే జరిమానా.

కోర్టును చివరి మాటగా ఉంచుకోండి. భూమి పంచి ఇప్పించమని విభాగం దావా వేస్తే మీ ఎకరం మీకు వస్తుంది, అందులో నాకు అనుమానం లేదు. ఎప్పుడొస్తుందో, అప్పటికి అమ్మ ఉంటుందో లేదో చెప్పలేం. ఆ ఏళ్లన్నీ పండగలకు పుట్టింటి గుమ్మం మూసే ఉంటుంది. దానికన్నా ముందు న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లందరికీ అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో కూర్చోబెట్టి మాట్లాడిస్తారు, అక్కడ కుదిరింది కోర్టు డిక్రీతో సమానం. తమ్ముడు పెట్టిన రైటర్ రాసిన డ్రాఫ్టును మీ తరఫు మనిషి ఒకరు చదవాలి కదా, కనీసం అందుకైనా అక్కడికి వెళ్లండి. మొదటిసారి మాట్లాడడానికి మాత్రం మీవారిని, మరదల్ని పక్కన పెట్టి మీరూ తమ్ముడూ ఇద్దరే కూర్చోండి.

ఇంకొకటి. ఇంత పొడుగు ఉత్తరంలో అమ్మ ఏమనుకుంటోందో ఒక్క ముక్క లేదు. ఆవిడకూ ఎకరం ఉంది, మీ ఇద్దరితో సమానంగా. డ్రాఫ్టు ఫొటో చివరి పేజీలో ఆ ఎకరం కూడా తమ్ముడికి సెటిల్‌మెంట్ కింద, అంటే డబ్బు తీసుకోకుండా ఇచ్చేస్తున్నట్టు, రాసి ఉంది, మీరు దాని గురించి అడగనే లేదు. ఆవిడ ఇష్టపడి కొడుకుకిస్తే మీరు కాదనడానికి లేదు. కానీ ఆవిడకు ఎవరైనా చదివి వినిపించారా? వెళ్లినప్పుడు పక్కన కూర్చుని అడగండి. ఇస్తానంటే, బతికున్నంతకాలం రాబడి అనుభవించే హక్కు ఆవిడకే ఉండాలని, ఆవిడ పోషణ, వైద్యం చూడాలనే షరతు మీదే ఇస్తున్నట్టని ఆ దస్తావేజులోనే రాయించమనండి. ఆ షరతు కాగితం మీద ఉంటే, రేపు తమ్ముడు ఆవిడను సరిగా చూడకపోతే 2007 నాటి వయోవృద్ధుల చట్టం కింద ఆర్డీఓ దగ్గర అర్జీ పెట్టి ఆ దస్తావేజును రద్దు చేయించుకునే వీలు ఆవిడకు ఉంటుంది.